నాన్న కేసు షీటు

ఫిబ్రవరి 11

అక్కా,

నిన్న ఫోన్ మధ్యలో పెట్టేసింది కోపంతో కాదు, ఊపిరి అందక. ఈ మధ్య ఒక వాక్యం మొదలుపెడితే సగంలోనే గాలి అయిపోతోంది. అవతలివాళ్ళు నేను అలిగాననుకుంటున్నారు. అందుకే ఇక నుంచి నీకు ఉత్తరాలే రాద్దామనుకుంటున్నాను. రాయడానికి ఊపిరితో పనిలేదు. ఎలాగూ బతుకంతా అక్షరాలు రాసే తిన్నాను.

పని ఎలా ఉందని అడిగావు. చేత్తో బోర్డులు రాయించుకునేవాళ్ళు తగ్గిపోయారు. పోయిన నెల మాత్రం ఒక బడివాళ్ళు గేటు మీద పేరు కొత్తగా రాయమని పిలిచారు. నిచ్చెన వేశాను. మూడో మెట్టు దాకా ఏమీ లేదు. నాలుగో మెట్టు మీద కళ్ళు చీకట్లు కమ్మాయి. నిచ్చెనను కౌగిలించుకుని అలాగే నిలబడిపోయాను. కింద నుంచి వాచ్‌మన్ "మాస్టారూ, కొలత తీస్తున్నారా?" అని అడిగాడు. అవునన్నాను. అంతసేపు కొలత తీసినవాడు లోకంలో ఎవడూ ఉండడు. చివరికి ఆ రేకు పలకను కిందికి దింపించి, నేలమీద కూర్చుని రాశాను. అక్షరాలు మాత్రం బాగానే వచ్చాయి.

ఎనిమిదేళ్ళుగా ఆస్తమా అంటున్నారు. మళ్ళీ ఇన్‌హేలర్ మార్చారు. మొదట నీలం రంగుది, తర్వాత గోధుమ రంగుది, ఇప్పుడు ఊదా రంగుది. పైన రంగులు మారుతున్నాయి గానీ లోపలి గోడ అలాగే ఉంది. అలసటగా ఉందక్కా. పని చేసి అలిసిపోతే ఒక తృప్తి ఉంటుంది. చొక్కా గుండీలు పెట్టుకుని అలిసిపోతే ఏముంటుంది?

బావ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? నీ మరదలు అడిగానని చెప్పమంది.

నీ తమ్ముడు


ఫిబ్రవరి 20

ఒరే తమ్ముడూ,

ముందు ఆ నిచ్చెన అమ్మేయ్.

నీ ఉత్తరం గుమ్మంలో నిలబడే చదివాను. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. మీ బావ వచ్చి చూసి, "ఎవరు పోయారు?" అన్నారు. ఆయన నోటికి మంచి మాట రావడం ఎప్పుడూ చూడలేదు. ఆయన మోకాళ్ళ సంగతి ఆయనకన్నా నాకే ఎక్కువ తెలుసు. నొప్పి ఆయనది, వినడం నాది.

ఇప్పుడు నేను చెప్పినట్టు చెయ్యి. మంచం దిగకు. వీపు కింద మూడు దిండ్లు పెట్టుకో. స్నానం కూర్చునే చెయ్యి. మెట్లు ఎక్కకు, బజారుకు వెళ్ళకు, ఎవరైనా వస్తే లేచి నిలబడకు. మా ఛాతీ వార్డులో పెద్ద డాక్టరుగారు ఎప్పుడూ ఒకటే చెప్పేవారు, ఊపిరి కొంచెమే ఉన్నవాడు దాన్ని పొదుపుగా వాడుకోవాలని. నేను హెడ్ నర్సుగా ఉన్నన్నాళ్ళూ ఒక్క రోగిని కూడా బాత్రూముకు నడవనివ్వలేదు. అందరికీ చక్రాల కుర్చీయే. "మీ వార్డులో మనుషులు పడవల్లా తిరుగుతారు" అని మీ బావ ఎగతాళి చేసేవారు.

నీ కాలంలో కనీసం ఈ ఊదా రంగు మందైనా ఉంది. నాన్నకు ఆయాసం వచ్చిన కాలంలో ఏముంది? నరానికి ఒక ఇంజెక్షను, దుప్పటి కప్పుకుని పట్టడానికి ఒక ఆవిరి గిన్నె, అంతే. ఆక్సిజన్ సిలిండర్లు వార్డు మొత్తానికి రెండు. అదీ ఎక్కువ పెడితే రోగికి మత్తు కమ్మి పోతాడని భయం.

ఒక్క మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. నాతో నిజం చెప్పు. సిగరెట్ తాగుతున్నావా? యాభై అయిదేళ్ళకే చొక్కా గుండీలకు ఆయాసం రావడం ఊరికే జరగదు. నేను చూడని ఊపిరితిత్తులు లేవు. నాకు చెబితే తిట్టను.

మంచం మీదే ఉండు.

అక్క


మార్చి 2

అక్కకి,

తాగను. జన్మలో ఒక్కసారి కూడా నోట పెట్టలేదు. ఇది నీకు చెప్పడం నాలుగోసారి. డాక్టర్లకు ఎన్నిసార్లు చెప్పానో గుర్తులేదు. వాళ్ళు "తాగుతారా?" అని కూడా అడగరు. "ఎన్నేళ్ళుగా తాగుతున్నారు?" అనే మొదలుపెడతారు. లేదంటే ముఖం వైపు చూడకుండా ఏదో రాసుకుంటారు. నువ్వూ అలాగే రాసుకుంటున్నావనిపించింది.

నిచ్చెన అమ్మలేదు. ఎవరూ కొనరు.

తమ్ముడు


మార్చి 14

తమ్ముడికి,

నువ్వు నాలుగు పేజీలు రాస్తే నాకు బెంగ ఉండదు. అరపేజీ రాస్తే చెంప మీద కొట్టినట్టు ఉంటుంది.

నీ మీద అభిమానం లేక అడిగానా? ముప్ఫై నాలుగేళ్ళు ఆ వార్డులో ఉన్నాను. ప్రతి ఒక్కరూ మానేశామనే చెప్పేవారు. దిండు గలీబులు విప్పితే సిగరెట్ పెట్టెలు రాలిపడేవి. ఒకాయన రేడియో వెనక మూత తీసి అందులో దాచాడు. పాపం, దాంతో రేడియో కూడా పోయింది. నాన్న మటుకు చివరిదాకా మానేశాననే అనలేదూ? అమ్మ ఆ మాట నమ్మక ఆఖరి సంవత్సరం ఆయనతో మాట్లాడటమే మానేసింది. కంచం పెట్టి పక్క గదిలోకి వెళ్ళిపోయేది. నువ్వు చిన్నవాడివి, నీకు తెలియదు.

ఇన్ని చూసినదాన్ని, అనుమానం రాకుండా ఎలా ఉంటుంది? సరే, ఇక అడగను. తాగలేదన్నావు కాబట్టి తాగలేదు.

మంచం మీదే ఉంటున్నావా లేదా, అది రాయి.

అక్క


ఏప్రిల్ 9

అక్కా,

పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉండి మొన్ననే ఇంటికొచ్చాను. నీకు చెప్పొద్దని నీ మరదలికి చెప్పింది నేనే, ఆమెనేమీ అనకు. నువ్వు రాసినట్టే మూడు వారాలు మంచం దిగలేదు. తర్వాత మామూలు జలుబు చేసింది. అది ఛాతీలోకి దిగింది. బాత్రూము దాకా వెళ్ళాలని లేస్తే కాళ్ళు నావి కానట్టు మడతపడిపోయాయి.

ఈసారి చూసింది కొత్త డాక్టరు. మన అమ్మాయి ఈడుది. అందరూ చిన్న డాక్టరమ్మ అంటున్నారు. స్కానింగ్ తీయించి, నన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి చూపించింది. "చూడండి, సిగరెట్లు తాగేవాళ్ళకి సాధారణంగా పైభాగం ముందు పాడవుతుంది. మీకు పైన చాలావరకు బాగానే ఉంది. అడుగుభాగమే పోయింది. మీరెప్పుడూ తాగలేదు కదా," అంది.

అక్కా, ఆమె ఆ మాట అడిగినట్టు అనలేదు, తెలిసినట్టు అంది. ఎనిమిదేళ్ళలో మొదటిసారి. నాకు ఏడుపు ఆగలేదు. పక్కనున్న నర్సు నాకు ఊపిరాడటం లేదనుకుని పరుగెత్తుకెళ్ళి మాస్కు తెచ్చి ముక్కుకు పెట్టేసింది. ఏడవడానికి కూడా తీరిక ఇవ్వలేదు.

ఆస్తమా కాదట. ఊపిరితిత్తుల్లోని గాలి గదుల గోడలు కరిగిపోయాయట. ఎందుకనేది తేల్చడానికి రక్తం తీసి ఎక్కడికో పంపింది. నెల పడుతుందట. ఒక విచిత్రమైన ప్రశ్న కూడా వేసింది. నేను పుట్టినప్పుడు నాకు కామెర్లు వచ్చాయా అని. అమ్మ లేదు, ఇక అడగడానికి నువ్వే ఉన్నావు. గుర్తుంటే రాయి.

నీ తమ్ముడు


ఏప్రిల్ 18

ఒరే,

పదకొండు రోజులు ఆసుపత్రిలో పడుంటే తోడబుట్టినదానికి కబురు లేదు. ఇంటి పక్కవాళ్ళకైనా చెప్పి ఉంటారు. సరే, కోలుకున్నావు, అది చాలు.

కామెర్లు వచ్చాయి. నాకు అప్పుడు తొమ్మిదేళ్ళు, బాగా గుర్తుంది. నువ్వు పుట్టిన మూడోనాటికే కళ్ళు పసుపు. అందరు పిల్లలకీ వారంలో పోతుంది, నీకు రెండు నెలలు దాటినా పోలేదు. అమ్మ నిన్ను పొద్దుటెండలో ఒళ్ళో వేసుకుని కూర్చునేది. ఎండ జరిగినకొద్దీ ఆమె కూడా పీట జరుపుకునేది. నీ కళ్ళలో తెలుపు వచ్చిందా అని రోజూ నన్ను చూడమనేది. వచ్చిందని నేనొకసారి అబద్ధం చెప్పాను, ఆమె నిద్రపోవాలని.

కానీ కామెర్లకీ ఊపిరికీ ఏమిటి సంబంధం? కాలేయం ఎక్కడ, ఊపిరితిత్తులెక్కడ? బొమ్మ చూసి మనిషి తాగాడో లేదో చెప్పేస్తే ఆ పిల్ల డాక్టరా, జాతకాలు చెప్పే మనిషా? నిన్ను ఓదార్చడానికి అని ఉంటుంది. మంచివాళ్ళు అలా అంటారు. నెమ్మదిగా ఉండు, ఎక్కువ ఆశ పెట్టుకోకు. కాళ్ళు మడతపడింది జ్వరం నీరసం, మంచం వల్ల కాదు.

అక్క


మే 12

అక్కా,

ఫలితం వచ్చింది. చిన్న డాక్టరమ్మ అనుమానం నిజమే. జబ్బు పేరు చాలా పొడుగు, బోర్డు మీద రాయాలంటే రెండు వరసలు కావాలి. నాకు అర్థమైనంతవరకు చెబుతాను.

ఊపిరితిత్తుల్లో దుమ్మూ క్రిములూ పడితే శుభ్రం చేసే కణాలు మన రక్తంలోనే ఉంటాయట. వచ్చి గీకి పారేస్తాయి. పని అయ్యాక 'ఇక చాలు' అని వాటిని ఆపే పదార్థం ఒకటి కాలేయంలో తయారవుతుంది. నాకు అది పుట్టుకతోనే వంకరగా తయారై కాలేయంలోనే ఇరుక్కుపోతోంది. చిన్నప్పటి కామెర్లు అందుకే. ఆపేది లేక గీకేవి గీకుతూనే ఉన్నాయి. నాకు వెంటనే బోధపడింది. పాత రంగు తీయమని పని తెలియనివాడి చేతికి గరుకు కాగితం ఇచ్చి మనం భోజనానికి వెళ్ళామనుకో, వచ్చేసరికి రంగుతోపాటు గోడ కూడా ఉండదు. ఆ మాట చెబితే డాక్టరమ్మ నవ్వి, ఇక అందరికీ ఇలాగే చెబుతానంది. టర్పెంటైను వాసనలు పీల్చడం వల్ల నాకు ఇంకా త్వరగా అయిందట. పోయిన గోడ తిరిగి రాదు. ఆ పదార్థాన్ని ఇతరులు దానమిచ్చిన రక్తంలోంచి తీసి, వారానికోసారి నరంలోకి ఎక్కిస్తే మిగిలింది కొంత నిలుస్తుంది. అందరికీ దొరికే మందు కాదు. జాబితాలో నా పేరు పెట్టింది.

నువ్వు మంచం దిగొద్దన్నావా? ఇక్కడ ఆసుపత్రిలో వ్యాయామం చేయించే అమ్మాయి మంచం ఎక్కనివ్వడం లేదు. వసారాలో ఆ చివరొక కుర్చీ, ఈ చివరొక కుర్చీ పెట్టి ఆరు నిమిషాలు నడవమంటుంది. ఎన్ని మీటర్లో రాసుకుంటుంది. మొదటిరోజు రెండు వందల పది. "పడుకుంటే కండ కరిగిపోతుంది సార్. అప్పుడు ముద్ద నమలడానికి కూడా ఆయాసమే. కండ గట్టిపడితే ఉన్న గాలితోనే ఎక్కువ పని చేస్తుంది," అంది. మా అక్క ఛాతీ వార్డులో హెడ్ నర్సు, ఆవిడ ఇలా అనదు అన్నాను. "ఆవిడ ఎప్పుడు రిటైరయ్యారు సార్?" అని అడిగింది. నవ్వొచ్చి రాస్తున్నాను, కోపం తెచ్చుకోకు.

ఇంకొక సంగతి. ఇది వంశంలో వచ్చేదట. నలభై తొమ్మిదేళ్ళకే పోయిన నాన్నదీ ఇదే అయి ఉంటుందని డాక్టరమ్మ అంటోంది. ఆయన వయసులో తాగాడు, నిజమే. కానీ ఒకసారి గోడ కరగడం మొదలయ్యాక మానేసినా అది ఆగదట. మానేసినవాణ్ణి పట్టుకుని ఇంకా దొంగతనంగా తాగుతున్నావని అందరూ అన్నారన్నమాట. ఆయన కేసు షీటులో ఏముందో తెలిస్తే బాగుండేదంది. అప్పుడు నువ్వు అదే వార్డులో ట్రైనింగులో ఉన్నావు కదా. ఏమైనా గుర్తుందా? అంత ఆయాసంలో ఆయనను ఎందుకు ఇంటికి పంపేశారు? అమ్మ ఎప్పుడూ చెప్పలేదు.

నువ్వూ రక్తం పరీక్ష చేయించుకోవాలట. తప్పకుండా చేయించుకో.

నీ తమ్ముడు


జూన్ 3

అక్కా,

మూడు వారాలైంది, జవాబు లేదు. ఆ రిటైర్మెంటు మాటకి నొచ్చుకున్నావా? ఆ అమ్మాయి వేళాకోళంగా అనలేదు. రాసిన నాకే బుద్ధి లేదు. నీ చేతి కింద ఎన్ని వందలమంది బతికి బయటపడ్డారో నాకు తెలియదా?

పోనీ పరీక్ష చేయించుకోమన్నందుకా? అదైతే చేయించుకోవాల్సిందే. ఒక్క ముక్క రాయి.

తమ్ముడు


జూన్ 15

తమ్ముడూ,

నేను నొచ్చుకోలేదు. నీ ఉత్తరం వచ్చిన రోజు నుంచి నాకు చెయ్యి ఆడటం లేదు. నాలుగుసార్లు మొదలుపెట్టి చించేశాను. మీ బావ అడిగితే కళ్ళు మండుతున్నాయని చెప్పాను.

పోయిన వారం మా ఆసుపత్రికి వెళ్ళాను, నాన్న కేసు షీటు కోసం. ఇరవై ఏళ్ళు దాటిన కాగితాలు ఉంచరట, ముక్కలు చేసేశారట. ఆ సంగతి వెళ్ళకముందే నాకు తెలుసు. అయినా వెళ్ళాను. వార్డు చూశాను. కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి. మేము మంచాలు వేసిన వరసలో నడిచే యంత్రాలూ తొక్కే సైకిళ్ళూ ఉన్నాయి. ముక్కుకు సన్నటి గొట్టం పెట్టుకుని ఒక ముసలాయన సైకిలు తొక్కుతున్నాడు. నా దగ్గర పని నేర్చుకున్న పిల్లే ఇప్పుడు అక్కడ హెడ్ నర్సు. "అక్కా, మనం వాళ్ళని పడుకోబెట్టి పడుకోబెట్టి..." అని మొదలుపెట్టి, నా ముఖం చూసి టీ తెప్పిస్తానంది. నిన్ను మూడు వారాలు మంచానికి అతికించినదాన్ని కూడా నేనే కదా. ఆ టీ తాగకుండానే లేచి వచ్చేశాను.

ఇక అసలు విషయం. కేసు షీటు లేకపోయినా అందులో చివరి వాక్యం నాకు తెలుసు. అది నా మాటే.

ఆ రోజుల్లో సిగరెట్ మాననివాళ్ళకు మంచం ఇవ్వకూడదని పెద్ద డాక్టరుగారు పట్టుబట్టేవారు. ఉన్నవి ఇరవై మంచాలు, గుమ్మం బయట నలభైమంది. ఒక పొద్దున రౌండ్సు అయ్యాక నన్ను పక్కకు పిలిచారు. "ఆ చివరి మంచంలో ఉన్నది మీ నాన్నట కదా. ఆయన మానేశానంటాడు. జబ్బు మాత్రం తగ్గడం లేదు. నువ్వు చెప్పు, మానేశాడా?" అని అడిగారు. నేను హాస్టల్లో ఉండేదాన్ని. ఇంట్లో ఏం జరుగుతోందో అమ్మ చెబితే వినడమే. ముందు వారం ఇంటికెళ్ళినప్పుడు ఆయన కోటు జేబులో అగ్గిపెట్టె కనిపించింది. ఇరవై ఒక్క ఏళ్ళదాన్ని. నాన్న కోసం అబద్ధం ఆడిందంటారని భయం. అంత పెద్దాయన నన్ను నమ్మి అడిగారని లోపల ఒక గర్వం కూడా. "లేదు సార్, చాటుగా తాగుతున్నాడు," అన్నాను.

ఆయన నా ఎదురుగానే రాశారు. 'రోగి మాట వినడం లేదు. పొగతాగడం కొనసాగుతోంది. ఇంటికి పంపవచ్చు.' మధ్యాహ్నానికి మంచం ఖాళీ చేయించారు. దుప్పటి మార్చింది నేనే. నాన్న పక్కన స్టూలు మీద కూర్చున్నారు. చెప్పులు వేసుకోవడానికి వంగలేకపోతే నేను తొడిగాను. పంతొమ్మిదో రోజున ఇంట్లో కుర్చీలోనే పోయారు.

ఈ మాట అమ్మకు చెప్పలేదు. మీ బావకూ చెప్పలేదు. ఆయన తాగాడు, కాబట్టి నేను చెప్పింది నిజం, నిజం చెప్పడం తప్పు కాదు అని ఇన్నేళ్ళూ నన్ను నేను నిలబెట్టుకుంటూ వచ్చాను. నిన్ను కూడా అందుకే నమ్మలేదేమో. నువ్వు తాగకుండానే ఇలా అయ్యావని ఒప్పుకుంటే నాన్న సంగతి కూడా తిరగేసి చూడాలి కదా.

ఇంతకన్నా రాయలేను.

అక్క


ఆగస్టు 1

తమ్ముడూ,

నెలన్నర అయింది. నీ మరదలితో, అదే నీ భార్యతో, ఫోన్లో మాట్లాడాను. చూశావా, నా రాత కూడా తడబడుతోంది. నువ్వు రోజూ నడుస్తున్నావనీ, వారం వారం మందు ఎక్కించడం మొదలుపెట్టారనీ చెప్పింది. "ఉత్తరం ఏదైనా రాస్తున్నాడా?" అంటే, "ఏమో వదినా, కాగితం ముందు పెట్టుకుని కూర్చుంటారు, మళ్ళీ లేచి వెళ్ళిపోతారు," అంది.

రాయకపోయినా ఫరవాలేదు. నడవడం మానకు. పరీక్షకు రక్తం ఇచ్చాను.

అక్క


ఆగస్టు 27

అక్కా,

నీ జూన్ ఉత్తరం చదివాక నేను పది రోజులు ఇల్లు కదల్లేదు. వ్యాయామానికి మాత్రం వెళ్ళాను. ఆ వసారాలో తల వంచుకుని కోపంగా నడిచాను. ఆ నెలాఖరున కొలిస్తే మూడు వందల ముప్ఫై మీటర్లు వచ్చింది. "ఏం తింటున్నారు సార్?" అంది ఆ అమ్మాయి. ఏం చెప్పను? మా అక్కని తింటున్నాను అని చెప్పనా?

ఆ అగ్గిపెట్టె సంగతి నాకు తెలుసు. చివరి సంవత్సరం పోస్టాఫీసులో నాన్నను మెట్లు లేని చోట, పార్సిళ్ళ గదిలో కూర్చోబెట్టారు. సంచుల మూతులకు లక్క కరిగించి సీలు వేయడం ఆయన పని. లక్క కరిగించడానికి కొవ్వొత్తి, కొవ్వొత్తికి అగ్గిపెట్టె. బడి నుంచి నేను అక్కడికే వెళ్ళేవాణ్ణి. ఆయన సీలు వేస్తుంటే సంచి మూతి పట్టుకునేవాణ్ణి. నువ్వు నన్ను అడిగి ఉంటే చెప్పేవాణ్ణి. పన్నెండేళ్ళవాణ్ణి ఎవరు అడుగుతారు? అమ్మా అడగలేదు.

తర్వాత ఒకరోజు చిన్న డాక్టరమ్మని అడిగాను. ఎవరి సంగతో అన్నట్టు అడిగాను గానీ ఆమెకు తెలిసే ఉంటుంది. ఆ రోజు ఆయనను ఇంటికి పంపకపోతే ఏమయ్యేదని. ఆమె తొందరపడి జవాబు చెప్పే మనిషి కాదు. "అప్పట్లో ఇవ్వడానికి ఏముందండీ? ఈ జబ్బు పేరు కూడా చాలామంది డాక్టర్లకి తెలియదు. ఆక్సిజన్ పెట్టి ఉంచితే ఇంకో రెండు వారాలు ఉండేవారేమో. కాస్త తక్కువ బాధతో," అంది.

అక్కా, నేను దీన్ని అటూ ఇటూ తిప్పి చాలా చూశాను. నాన్న ప్రాణం నువ్వు తీయలేదు. అది ఆయన రక్తంలోనే ఉంది, నాకూ ఇచ్చి వెళ్ళాడు. కానీ ఆ రెండు వారాలు నీ మాటవల్ల పోయాయి. వాటిని లేవని అనడం నాకు చేతకాదు. అంటే నీకు ఊరటగా ఉంటుందని తెలుసు, అయినా అనలేను. అంతకన్నా ఎక్కువ కూడా నీ నెత్తిన వేయలేను. ఎందుకంటే ఆ వాక్యం రాసిన చెయ్యి నీది కాదు, ఆ నియమం పెట్టిందీ నువ్వు కాదు. అప్పటి డాక్టర్లకు కూడా అంతే తెలుసు.

నువ్వు నాన్నను నమ్మలేదు, ఆయన పోయాడు. నన్ను ఎనిమిదేళ్ళు నమ్మలేదు, నేనింకా ఉన్నాను. నాకు ఈ రెండోదే ఎక్కువ బాధ. అదే చెబుతున్నాను.

పిల్లకు కూడా పరీక్ష చేయించాం. దానికి సగమే ఉందట, పొగ జోలికి పోకపోతే చాలన్నారు. మందు ఎక్కించుకోవడమే నాకు పెద్ద పని అయింది. వారానికోసారి ఇంటికే వచ్చి ఎక్కించే నర్సు పాపం మంచిదే గానీ, నా నరం దొరకదు. రెండు చేతులా గుచ్చుతుంది, "సారీ సార్" అంటుంది, మళ్ళీ గుచ్చుతుంది. నా చేతులు చూస్తే పాత బోర్డుకు మేకులు పీకిన గుర్తుల్లా ఉన్నాయి. అనుభవం ఉన్న నర్సు ఎవరు ఎక్కించినా అభ్యంతరం లేదని డాక్టరమ్మని అడిగి తెలుసుకున్నాను.

నీ చెయ్యి చాలా తేలికని అందరూ అనేవారు. వచ్చి రెండు వారాలు ఉండు. బావను ఒంటరిగా వదలలేనంటే ఆయన్నీ తీసుకురా, ఇద్దరం కలిసి మూలుగుతాం.

తమ్ముడు


సెప్టెంబరు 8

తమ్ముడూ,

నీ ఉత్తరం మీ బావకు చదివి వినిపించాను. ముందు ఉన్నదంతా కూడా చెప్పాను, నలభై మూడేళ్ళ తర్వాత. ఆయన మోకాళ్ళు పట్టుకుని లేచి, "సంచి నేను సర్దుతాను," అన్నారు. నా చీరల మీద ఆయన చెప్పులు పెట్టి సర్దారు. మళ్ళీ నేనే తీసి సర్దాను.

నా పరీక్ష ఫలితం వచ్చింది. సగం కాదురా. నాదీ అచ్చంగా నీలాంటి రక్తమే. ఊది చూపించమన్నారు, ఊదాను. స్కానింగ్ తీశారు. ఊపిరితిత్తులు నా వయసుకు ఉండాల్సినట్టే ఉన్నాయి. అరవై నాలుగేళ్ళు వచ్చాయి, మూడంతస్తులు ఎక్కి వస్తున్నాను. నువ్వు రంగుల వాసన పీల్చావు, నేను పీల్చలేదు, కొంత తేడా అక్కడ రావచ్చన్నాడు ఇక్కడి డాక్టరు. కానీ నేను ముప్ఫై నాలుగేళ్ళు దగ్గే మనుషుల మధ్యే ఉన్నాను కదా. ఒకే తల్లి కడుపున పుట్టాం, ఒకే రక్తం, మరి వాడికి అలా, నాకిలా ఎందుకు బాబూ అని అడిగాను.

ఆయన కాగితాలన్నీ మళ్ళీ ఒకసారి తిరగేశాడు. "తెలియదమ్మా," అన్నాడు. "ఇంకా ఎవరికీ పూర్తిగా తెలియదు."

నేను బయటికొచ్చి వసారాలో బల్ల మీద కూర్చుండిపోయాను. అన్నేళ్ళ సర్వీసులో ఏ డాక్టరు నోటా నేను ఆ మాట వినలేదు. మా పెద్ద డాక్టరుగారికి ప్రతిదానికీ జవాబు ఉండేది. మేమూ అలాగే నేర్చుకున్నాం. అడిగితే జవాబు చెప్పాలి, తడుముకోకూడదు. ఆ పొద్దున ఆయన నన్ను అడిగినప్పుడు నాకు నిజంగా తెలిసింది ఏమిటి? కోటు జేబులో ఒక అగ్గిపెట్టె. అంతే. నేను అబద్ధం ఆడక్కర్లేదు, నాన్నను వెనకేసుకురానక్కర్లేదు. "తెలియదు సార్" అని ఉంటే సరిపోయేది.

గురువారం పొద్దున బస్సుకు ఇద్దరం వస్తున్నాం.

అక్క